పిల్లల వార్డు పొమ్మంటోంది, పెద్దల వార్డు రమ్మనడం లేదు

దీర్ఘవ్యాధులతో యౌవనంలో అడుగుపెడుతున్నవారికి మన ఆరోగ్య వ్యవస్థలో చోటెక్కడ?

కెనడాలోని టొరంటో నగరంలో 1922 జనవరి 11న లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల బాలునికి వైద్యులు తొలిసారిగా ఇన్సులిన్ సూదిమందు ఇచ్చారు. శుద్ధి చాలక ఆ మందు వికటించింది. మరింత శుద్ధి చేసి పన్నెండు రోజుల తరువాత మళ్ళీ ఇచ్చినప్పుడు గుణం కనిపించింది. అంతవరకు ఆ రకం మధుమేహం వచ్చిన పిల్లలు ఒకటి రెండేళ్లలో కన్నుమూయడమే తప్ప యౌవనం చూసిన సందర్భాలు బహు అరుదు. థామ్సన్ యువకుడయ్యాడు. 1935లో 26 ఏళ్ల వయసులో న్యుమోనియాతో మరణించేనాటికి 13 ఏళ్ల అదనపు ఆయుర్దాయాన్ని ఆ మందు అతనికి ప్రసాదించింది.

వైద్యశాస్త్రం చిన్ననాటి మృత్యువును జయించిన ప్రతిచోటా ఈ కథే పునరావృతమైంది. తలసేమియా, కొడవలి కణ రక్తహీనత, హీమోఫీలియా, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, మొదటి రకం మధుమేహం, మూర్ఛ, తల్లి నుంచి సంక్రమించిన హెచ్.ఐ.వి. - ఇవన్నీ ఒకనాడు పసిపిల్లల వైద్యుల పుస్తకాలకే పరిమితమైన వ్యాధులు. ఇప్పుడు ఈ వ్యాధులున్న పిల్లలు పదో తరగతి పరీక్షలు రాస్తున్నారు, ఓటు హక్కు పొందుతున్నారు, ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నారు, పెళ్ళిమాటలకు కూర్చుంటున్నారు. వీరు పెద్దవారవుతారని మాత్రం మన ఆసుపత్రులు, పథకాలు, చట్టాలు ముందుగా ఊహించినట్లు లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయస్కులు సుమారు 25 కోట్ల మంది. వారిలో దీర్ఘవ్యాధిగ్రస్తుల వాటా స్వల్పమే అయినా, సంఖ్యాపరంగా అది లక్షల్లోనే తేలుతుంది. 20 ఏళ్లలోపు వయసులో మొదటి రకం మధుమేహం ఉన్నవారు భారతదేశంలో 2 లక్షలకు పైగా ఉంటారని, ఏ ఇతర దేశంలోనూ ఇంతమంది లేరని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 నాటి అంచనా. వీరిని యౌవనంలోకి క్షేమంగా దాటించడం ఎలా అన్నది ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

గీతలు ఎక్కడెక్కడ?

బాల్యం ఎక్కడ ముగుస్తుందన్న విషయంలో మన వ్యవస్థకు ఏకాభిప్రాయం లేదు. పద్దెనిమిదేళ్లు నిండేవరకు శిశువైద్యుల పరిధిలోనే ఉండాలని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. అయితే అనేక ప్రభుత్వ ఆసుపత్రులలో 12 ఏళ్లు దాటిన పిల్లవానికి ఓపీ చీటీ రాసే గుమాస్తాయే పెద్దల విభాగానికి దారి చూపుతాడు. ఎనిమిదేళ్లుగా చూస్తున్న వైద్యుడు, పేరు పెట్టి పిలిచే నర్సు, మూడు చోట్ల కుట్టువేసిన పాత కేసు షీటు - అన్నీ ఆ ఒక్క పూటతో వెనుక ఉండిపోతాయి.

పథకాలదీ ఇదే తీరు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్ళి పుట్టుకతో వచ్చిన లోపాలను, పోషకాహార లేమిని, వ్యాధులను, ఎదుగుదలలోని జాప్యాన్ని గుర్తించి చికిత్సకు పంపుతాయి. దీని వయఃపరిమితి 18 ఏళ్లు. 2014 జనవరిలో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారి కోసం ఉద్దేశించినది. దాని ఆరు ప్రధానాంశాలలో సంక్రమణేతర వ్యాధులు కూడా ఒకటి. ఆ తరువాత ప్రజలను వెదుక్కుంటూ వెళ్ళే తదుపరి కార్యక్రమం మధుమేహం, రక్తపోటు, కేన్సర్ల పరీక్ష. అది మొదలయ్యేది 30 ఏళ్ల వయసులో.

పందొమ్మిది నుంచి ముప్ఫై దాకా ఉన్న ఈ కాలంలో ప్రభుత్వ వైద్యం అసలే అందదని కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి బోధనాసుపత్రి దాకా తలుపులు తెరిచే ఉంటాయి. తేడా ఒక్కటే. అంతవరకు వ్యవస్థ రోగిని వెదుక్కుంటూ వచ్చింది, ఇకపై రోగే వ్యవస్థను వెదుక్కుంటూ వెళ్ళాలి. ఎలా వెళ్ళాలో ఆ యువకునికి నేర్పినవారెవరూ లేరు.

పది పాసైన నాడే పరీక్ష

ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఈ మలుపు పద్దెనిమిదో ఏట కాదు, పదిహేను పదహారో ఏటనే వస్తోంది. పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటర్మీడియెట్ కోసం హాస్టల్ కళాశాలకు పెట్టె సర్దుకోవడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోయేవరకు చదివే ఆ దినచర్యలో మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లవాని పరిస్థితి ఏమిటి?

ఈ వ్యాధిలో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను దాదాపుగా తయారు చేయదు. రోజుకు మూడు నాలుగు సూదులు వేసుకోవాలి. వేలి కొస నుంచి రక్తపుబొట్టు తీసి పలుమార్లు చక్కెర స్థాయి చూసుకోవాలి. తిన్న అన్నానికి, చేసిన వ్యాయామానికి తగినట్లు మోతాదు మార్చుకోవాలి. అంతవరకు ఈ లెక్కలన్నీ తల్లి చూసుకుంది. హాస్టల్లో వడ్డన వేళలు కళాశాలవి, ఆటలకు సమయం లేదు, ఇన్సులిన్ దాచుకోవడానికి ఫ్రిజ్ వార్డెన్ గదిలో ఉంటుంది. అర్ధరాత్రి చక్కెర పడిపోయి చెమటలు పట్టి మాట తడబడుతుంటే, పక్క మంచం మీది కుర్రవానికి అదేమిటో తెలియదు. చెంచాడు పంచదార నోట్లో వేయవలసిన సమయంలో భయంతో అరిచి అందరినీ లేపుతాడు.

దీనికి శరీర ధర్మమూ తోడవుతుంది. యౌవనారంభంలో పెరిగే హార్మోన్లు ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. అదే మోతాదు వేసుకున్నా చక్కెర పెరుగుతుంది. అందరిలో ఒకడిగా కనిపించాలన్న ఆరాటం కూడా ఆ వయసులోనే పుడుతుంది. స్నేహితుల ముందు సూది తీయడానికి సిగ్గుపడి ఒక పూట మానేస్తే, అది క్రమంగా అలవాటవుతుంది. దీన్ని క్రమశిక్షణారాహిత్యంగా భావించి మందలించే పెద్దలకు కొదవ లేదు. దేహమూ మనసూ ఏకకాలంలో ఎదురుతిరిగే దశ ఇదని గ్రహించేవారు తక్కువ.

ఇక పెద్దల విభాగంలో అతనికి మరో చిక్కు ఎదురవుతుంది. అక్కడి వైద్యుడు రోజూ చూసే మధుమేహ రోగుల్లో అత్యధికులు నలభై, యాభై దాటినవారు. వారిది రెండో రకం వ్యాధి. బరువు తగ్గమని, అన్నం మానమని, మాత్రలు వేసుకోమని వారికి చెప్పే సలహాలే బక్కపలచని ఈ కుర్రవానికీ అందితే ప్రమాదం. ఇన్సులిన్ పూర్తిగా ఆపిన మొదటి రకం రోగి రోజుల వ్యవధిలోనే ప్రాణాపాయ స్థితికి చేరుకుంటాడు. భారత వైద్య పరిశోధన మండలి 2022లో ఈ వ్యాధికి ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. అవి జిల్లా ఆసుపత్రి ఓపీ బల్ల దాకా చేరవలసి ఉంది.

విద్యారంగం కొంత స్పందించిన మాట నిజం. మొదటి రకం మధుమేహం ఉన్న విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్ల సీసా పరీక్ష గదిలోకి తీసుకువెళ్ళడానికి కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2017లో అనుమతించింది. చిన్న ఉత్తర్వే, కాని దాని వెనుక ఉన్న దృష్టి పెద్దది. రోగిని పరీక్ష నుంచి తప్పించడానికి బదులు, పరీక్షనే రోగికి అనువుగా మలిచారు.

మూడు వారాలకొక సెలవు

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు పుట్టిన కొద్ది నెలలకే రక్తం ఎక్కించడం మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, జీవితాంతం. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా శరీరంలో చేరి పేరుకుపోతుంది. దాన్ని బయటకు పంపే మందులు క్రమం తప్పక వాడకపోతే ఆ ఇనుము గుండెలో, కాలేయంలో, గ్రంథులలో స్థిరపడుతుంది. ఎదుగుదల ఆగుతుంది, రజస్వల కావడం ఆలస్యమవుతుంది, మధుమేహం వస్తుంది, చివరకు గుండె దెబ్బతింటుంది. చర్మం కింద సూది గుచ్చి వారానికి ఐదారు రాత్రులు పంపు ద్వారా ఎక్కించుకోవలసిన మందు ఒక్కటే గతిగా ఉన్న కాలం పోయి, నోటిద్వారా తీసుకునే మందులు వచ్చాక పిల్లలు ముప్ఫైలలోకి, నలభైలలోకి చేరుకోగలుగుతున్నారు.

శాశ్వత చికిత్స మూలుగ మార్పిడి. మన దేశంలో 1986లోనే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇది జరిగింది. అయితే తోబుట్టువు కణాలు సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతే. చిన్న వయసులో, ఇనుము అవయవాలను దెబ్బతీయక ముందే చేస్తే ఫలితం మెరుగు. 2017 నుంచి కోల్ ఇండియా సంస్థ తన సామాజిక బాధ్యతా నిధుల నుంచి ఒక్కో మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు సాయం అందిస్తూ వచ్చింది. ఆ అవకాశం అందని వారంతా రక్తం సంచీతోనే పెద్దవారు కావలసి ఉంది.

ఇక్కడొక చిన్న లెక్క చూడండి. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకునే వ్యక్తి సంవత్సరంలో 17 రోజులు ఆసుపత్రి మంచం మీద గడపాలి. బడిపిల్లవాడైతే ఆ సెలవులను ఉపాధ్యాయులు సర్దుకుంటారు. కొత్తగా చేరిన గుమాస్తాకో, దుకాణంలో పనిచేసే యువతికో నెల నెలా వచ్చే ఈ గైరుహాజరే ఉద్యోగానికి ఎసరు తెస్తుంది. దినసరి కూలీ అయితే 17 రోజుల కూలి నేరుగా పోతుంది. పరీక్షలకూ వైద్య సలహాకూ వెళ్ళే రోజులు దీనికి అదనం. రక్తం ఉచితంగా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి 2014లోనే నిర్ణయించింది గానీ, పోయిన పనిదినానికి పరిహారం ఎవరూ నిర్ణయించలేదు. సాయంత్రాలు, ఆదివారాలు రక్తం ఎక్కించే ఏర్పాటు ఉంటే ఈ నష్టంలో అధిక భాగం తప్పుతుంది. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, సిబ్బంది వేళల సర్దుబాటు చాలు.

ఈ రంగంలో తెలుగునాట జరిగిన కృషిని పేర్కొనక తప్పదు. హైదరాబాదులో 1998లో తల్లిదండ్రులు, దాతలు, వైద్యులు కలిసి స్థాపించిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ రక్తనిధిని, చికిత్సను ఒకే కప్పు కిందికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో తలసేమియా, కొడవలి కణ వ్యాధి, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి నెలకు 10 వేల రూపాయల పింఛను 2020లో ప్రవేశపెట్టారు. వయోజనుడైన రోగికి తల్లిదండ్రుల మీద పూర్తిగా ఆధారపడే అవసరాన్ని తగ్గించే సాయమిది.

ఆశ్రమ పాఠశాల దాటాక

మన్యంలో సమస్య స్వరూపం వేరు. కొడవలి కణ రక్తహీనత దేశంలో ప్రధానంగా గిరిజన ప్రాంతాల వ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి సన్నని నాళాలలో అడ్డుపడినప్పుడు భరించరాని నొప్పులు వస్తాయి. నీరసం, కామెర్లు, తరచు జ్వరాలు, కొందరికి తుంటి ఎముక దెబ్బతినడం, పక్షవాతం కూడా సంభవిస్తాయి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ నిర్మూలన ఉద్యమం 17 రాష్ట్రాలలో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు జరిపి, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

పరీక్షలు జరపడం మొదటి మెట్టు మాత్రమే. హైడ్రాక్సీయూరియా అనే చవకైన గొట్టం మాత్ర రోజూ వాడితే నొప్పుల తాకిడి గణనీయంగా తగ్గుతుంది. ఆశ్రమ పాఠశాలలో ఉన్నంతకాలం పిల్లవాడు పదిమంది కంట్లో ఉంటాడు, మాత్ర వేసుకున్నాడా అని అడిగేవారుంటారు. చదువు ముగించి ఊరికి వెళ్ళాక, లేదా పని వెదుక్కుంటూ ఏ ఇటుక బట్టీకో, పట్టణంలోని కట్టడం పనికో పోయాక ఆ గొలుసు తెగిపోతుంది. దాహం, ఎండ, అలసట - ఈ వ్యాధిని రెచ్చగొట్టే కారణాలన్నీ ఆ పనుల్లోనే ఉన్నాయి. కొత్త ఊరి వైద్యునికి అతడు ఒళ్లునొప్పులతో వచ్చిన మరొక కూలీ మాత్రమే.

పరీక్షల సందర్భంగా ఇచ్చే జన్యు కార్డును పెళ్ళి విషయంలో జత చూసుకోవడానికే గాక, ఏ ఆసుపత్రికి వెళ్ళినా చికిత్స చరిత్ర తెలిపే పత్రంగా తీర్చిదిద్దితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. జేబులో పట్టే ఆ అట్టముక్క మీద వ్యాధి పేరు, రోజూ వాడే మందు, నొప్పి వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని - ఈ మూడు ఉంటే చాలు.

పెళ్ళిమాటలు, మందుల చీటీ

ఈ పిల్లలలో ఆడపిల్లల కష్టం రెట్టింపు. వ్యాధి సంగతి బయటపడితే సంబంధాలు రావన్న భయంతో దాచిపెట్టడం, అత్తవారింట్లో మందులు రహస్యంగా వేసుకోవడం, వీలు కాక మానేయడం సర్వసాధారణం. సమాజానికి ఈ భయం నేర్పినవాటిలో చట్టం కూడా ఒకటి. హిందూ వివాహ చట్టం ఒకప్పుడు మూర్ఛవ్యాధిని వివాహానికి ప్రతిబంధకంగా పరిగణించింది. 1999లో పార్లమెంటు సవరణ తెచ్చి ఆ మాటను తొలగించింది. చట్టం నుంచి తొలగినంత తేలికగా అది మనసుల నుంచి తొలగలేదు.

వైద్యపరంగా చూస్తే దాపరికం ప్రాణాంతకం కావచ్చు. కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు చెడి, చిన్నప్పుడే కృత్రిమ కవాటం అమర్చిన అమ్మాయిని తీసుకుందాం. రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం వార్ఫరిన్ అనే మాత్ర వాడాలి, క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ మాత్ర గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. అలాగని చెప్పాపెట్టకుండా మానేస్తే కవాటం మీద గడ్డకట్టి తల్లికే ముప్పు. గర్భం ధరించడానికి ముందే హృద్రోగ నిపుణుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి నిర్ణయించవలసిన విషయమిది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా ఇటువంటిదే. గర్భం ధరించే వయసులోని స్త్రీలకు, బాలికలకు దాన్ని రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. శిశువైద్యుడు పదేళ్ల బాలికకు రాసిన మాత్రే ఇరవై ఏళ్ల నవవధువు చీటీలో యథాతథంగా కొనసాగుతోందంటే, మధ్యలో ఆ చీటీని తిరిగి చదివినవారు లేరని అర్థం.

ఇక్కడ మరో తరం గుర్తుకు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైంది. ఆ కాలంలో ప్రభుత్వ సాయంతో గుండె శస్త్రచికిత్సలు చేయించుకున్న పసివాళ్లు నేడు ఇరవైలలో ఉన్నారు. శస్త్రచికిత్సతో గుండె పూర్తిగా బాగైపోయిందని, ఇక ఆసుపత్రితో పని లేదని నమ్మి తిరుగుతున్నవారు వారిలో లేకపోలేదు. పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు సరిచేసిన తరువాత కూడా అనేక సందర్భాలలో జీవితాంతం పర్యవేక్షణ అవసరం. శస్త్రచికిత్సకు ఉదారంగా డబ్బిచ్చిన ఖజానా ఆ తరువాతి పిలుపు ఉత్తరానికి అయ్యే తపాలా ఖర్చును మరచిపోవడం విచారకరం.

చట్టం చేసిన మేలు, వదిలేసిన మూల

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. తలసేమియా, హీమోఫీలియా, కొడవలి కణ వ్యాధి తొలిసారిగా ఆ జాబితాలోకి వచ్చాయి. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారికి ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు లభిస్తాయి. అయితే ప్రభుత్వోద్యోగాలలోని 4 శాతం రిజర్వేషన్ వచ్చేసరికి చట్టం పేర్కొన్న వర్గాలలో ఈ రక్తవ్యాధులకు చోటు లేదు. చదువుకోవడానికి తలుపు తెరిచి, చదివిన చదువుతో బతకవలసిన చోట మూసినట్లయింది. మొదటి రకం మధుమేహానికైతే 21 వైకల్యాల జాబితాలోనే స్థానం లేదు.

బీమా కథ మరొకటి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకంలో కుమారునికి 25 ఏళ్లు నిండితే, లేదా అంతకుముందే ఉద్యోగమో పెళ్ళో అయితే తండ్రి కార్డు మీద వైద్యం ఆగిపోతుంది. వికలాంగులకు మాత్రం మినహాయింపు ఉంది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ కల్పిస్తుంది గానీ, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఇన్సులిన్, పరీక్ష పట్టీలు, ఇనుము తగ్గించే మాత్రలు - దీర్ఘవ్యాధి ఖర్చంతా ఇంటి దగ్గర, నెల నెలా అయ్యేదే. సొంతంగా పాలసీ కొనబోతే ముందే ఉన్న వ్యాధికి నిరీక్షణ కాలం అడ్డు. ఆ గరిష్ఠ పరిమితిని 48 నెలల నుంచి 36 నెలలకు 2024లో తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద వస్తుసేవల పన్ను రద్దయింది. చక్కెర పరీక్ష పరికరాలు, పట్టీల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. ఇవి ఆహ్వానించదగిన చర్యలే. కాని మూడేళ్లు ఆగమంటే వ్యాధి ఆగదు గదా!

దారి చూపిన ఒక పథకం

మన దేశంలో ఈ వంతెన కట్టడం అసాధ్యమేమీ కాదు. హెచ్.ఐ.వి. చికిత్సే ఇందుకు తార్కాణం. ఉచిత ఔషధ చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలై, 2006లో పిల్లలకు విస్తరించింది. నాటి పిల్లలు నేడు యువతీయువకులు. వారికి పద్దెనిమిదేళ్లు నిండినంత మాత్రాన ఉచిత మందు ఆగలేదు. ఊరు మారితే పేరును మరో కేంద్రానికి బదిలీ చేయించుకునే పద్ధతి ఉంది, సలహాదారుడున్నాడు, మందులకు రానివారిని వెదికే ఏర్పాటుంది. 2017 నాటి చట్టం వివక్షను నిషేధించింది. ఒక వ్యాధి విషయంలో సాధ్యమైనది తక్కినవాటికి ఎందుకు కాదు?

ఇరుగుపొరుగు దేశాలలోనూ నేర్చుకోదగినవి ఉన్నాయి. శ్రీలంకలో కురునేగలలో జాతీయ తలసేమియా కేంద్రం ఉండగా, కొలంబో ఉత్తర బోధనాసుపత్రికి అనుబంధంగా కౌమార, వయోజన తలసేమియా రోగులకోసమే ఒక కేంద్రం వెలసింది. బంగ్లాదేశ్‌లో డాక్టర్ మహమ్మద్ ఇబ్రహీం చొరవతో 1956లో ఏర్పడిన మధుమేహ సంఘం, నమోదైన ప్రతి రోగి చేతికీ ఒక పుస్తకం ఇచ్చి, తన వైద్య చరిత్రకు అతన్నే కాపలాదారుని చేసింది. పాకిస్తాన్‌లో 1978లో నెలకొన్న ఫాతిమిద్ ఫౌండేషన్ తలసేమియా, హీమోఫీలియా రోగులకు రక్తం సమకూరుస్తోంది. 

చేయవలసినది

బ్రిటన్‌లో 2016లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులోనే ఈ మార్పునకు సన్నాహం మొదలుపెట్టాలని చెబుతున్నాయి. అమెరికా వైద్య సంఘాలు పన్నెండేళ్ల నుంచే ప్రస్తావన తేవాలంటున్నాయి. ఈ ఆలోచన సారాంశం ఒక్కటే. బదిలీ ఒక్క రోజులో జరిగే కాగితపు పని కాదు, కొన్నేళ్లపాటు సాగవలసిన శిక్షణ.

దాన్ని మన పరిస్థితులకు అన్వయిస్తే కొన్ని పనులు స్పష్టమవుతాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లవానితో వైద్యుడు నేరుగా మాట్లాడాలి. కొంతసేపు తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి అతని సందేహాలు విడిగా వినాలి. తన వ్యాధి పేరు, మందుల పేర్లు, మోతాదులు, ప్రమాద సంకేతాలు అతడు సొంత మాటల్లో చెప్పగలగాలి. పదో తరగతి పూర్తయ్యేలోగా తన సూది తాను వేసుకోవడం, ఓపీ చీటీ తాను రాయించుకోవడం రావాలి. ఆసుపత్రి వదిలే రోజున తెలుగులో ఒక పుట, ఇంగ్లీషులో ఒక పుట చికిత్సా సారాంశం చేతికందాలి. జిల్లా ఆసుపత్రిలో నెలకొకరోజు శిశువైద్యుడు, పెద్దల వైద్యుడు పక్కపక్కన కూర్చుని ఇటువంటివారిని కలిసి చూడాలి. హాస్టల్ వార్డెన్లకు ప్రథమ చికిత్సలో ఒక పూట శిక్షణ ఇవ్వడాన్ని విద్యాశాఖ తప్పనిసరి చేయాలి. బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించిన దీర్ఘరోగుల వివరాలు పద్దెనిమిదేళ్లకు మూతపడకుండా, తదుపరి ఆసుపత్రికి అప్పగించే బాధ్యత ఒక నిర్ణీత ఉద్యోగికి ఉండాలి.

తల్లిదండ్రుల పాత్ర వీటన్నిటికంటె సున్నితమైనది. పదిహేనేళ్లు రాత్రింబవళ్లు కాపాడిన చేతిని సడలించడం తేలిక కాదు. పూర్తిగా వదిలేస్తే బిడ్డ తడబడతాడు, వదలకపోతే ఎదగడు. ఈత నేర్పే తండ్రి నడుముకు బెండు కట్టి బావిలోకి దించినట్లు, పక్కనే ఉంటూ పట్టు మాత్రం కొద్దికొద్దిగా తగ్గించడమే మార్గం. నెల రోజులు బిడ్డ తన మందులు తానే చూసుకుంటే, ఆదివారం ఒక్కసారి కలిసి లెక్క చూసుకోవడం వంటి ఒప్పందం ఏ ఇంట్లోనైనా సాధ్యమే.

ఆర్థిక దృష్టితో చూసినా ఇది లాభసాటి వ్యవహారం. ఒక బిడ్డను పద్దెనిమిదేళ్లపాటు రక్తంతో, మందులతో, శస్త్రచికిత్సలతో బతికించడానికి కుటుంబమూ ప్రభుత్వమూ లక్షలు వెచ్చిస్తాయి. ఆ బిడ్డ పనిచేసి సంపాదించే వయసు వచ్చిన తరుణంలో చేయి వదిలి, మూత్రపిండాలు చెడిన తరువాతనో, గుండె దెబ్బతిన్న తరువాతనో అత్యవసర విభాగంలో మళ్ళీ అందుకోవడం ఏ లెక్క ప్రకారమూ పొదుపు కాదు.

నూరేళ్ల కిందట టొరంటో వైద్యులు పద్నాలుగేళ్ల కుర్రవాణ్ని మృత్యుముఖం నుంచి వెనక్కి తెచ్చారు. అతడు పెద్దవాడైతే ఏం చేయాలో ఆనాడు వారికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. మనకు ఆ సాకు లేదు. పిల్లల వార్డు గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడ్డ కుర్రవానికి రెండో గుమ్మం చూపించే మనిషి ఒకరు కావాలి. వ్యవస్థ ముందుగా నియమించవలసింది ఆ ఒక్కరిని.